మూడోసారీ వెలిసిపోయిన బంపర్

ఎర్ర రంగు చిన్న కారు షెడ్డులోకి వచ్చి ఆగేసరికి ఆమె చేతిలోని స్పాంజి జారి కింద పడింది.

"మళ్లీ మీరేనా?"

"మళ్లీ నేనే," అన్నాడు పళ్ల డాక్టరు కారు దిగుతూ. "మళ్లీ పోయిందండి."

పోయిన మాట నిజమే. పదిహేను రోజుల కిందట కాటుకలా నిగనిగలాడిన ముందు బంపర్, చక్రాల మీది నల్ల ప్లాస్టిక్ వంపులు ఇప్పుడు చాక్‌పీసు పొడి చల్లినట్టు తెల్లబోయి ఉన్నాయి. కింది సగమైతే మరీ ఘోరం.

ఎండకు వెలిసిన కార్ల ప్లాస్టిక్‌ను తిరిగి నల్లబరచడం ఆమె పని. బాబాయి షెడ్డులో ఒక మూల, ఒక బల్ల, రెండు స్టూళ్లు, కారు రంగుకు మరక అంటకుండా వేసే బోలెడు టేపు చుట్టలు ఆమె సామ్రాజ్యం. డిగ్రీ చదివి బంపర్లకు రంగు వేస్తావా అని అడిగిన చుట్టాలందరికీ ఒకటే జవాబు చెప్పేది, "రంగు కాదు, కోటింగ్" అని. నెల కిందట ఈ కారుకు కోటింగ్ వేసి ఏడాది గ్యారంటీ రాసిచ్చింది. ఆ గ్యారంటీ పదిహేను రోజులకోసారి వచ్చి ఆమెను వెక్కిరించి పోతోంది.

అద్దాల గదిలోంచి బాబాయి బయటికొచ్చాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి బంపర్‌ను చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"డాక్టరుగారూ, తమరు కాస్త కూర్చోండి," అన్నాడు.

ఆయన నోట 'తమరు' వచ్చిందంటే ఎవరి కొంపో మునిగిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆమెను పక్కకు పిలిచాడు.

"పన్నెండింటికి ట్రావెల్స్ మేనేజరు వస్తున్నాడు. పద్దెనిమిది కార్లు. నీకే ఇద్దామనుకున్నాను."

"అనుకున్నారా? ఇప్పుడు అనుకోవట్లేదా?"

"ఒక్క కారు నిలవనిది పద్దెనిమిది ఎలా నిలుస్తాయే? ఇదెందుకు పోతోందో పన్నెండులోపు చెప్పు. చెప్పలేకపోతే ఆ పని పాలిష్ మేస్త్రికి. నువ్వు కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసుకో."

గడియారం పదిన్నర చూపిస్తోంది.

ఆమె బంపర్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. డాక్టరు అలవాటుగా స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. పోయిన రెండుసార్లూ అక్కడే కూర్చుని, నోరు తెరవమంటే కళ్లు మూసుకునే పేషెంట్ల కథలు చెప్పాడు. అవి ఆమెకు నచ్చలేదని చెప్పడానికి లేదు. ఇవాళ మాత్రం వినే ఓపిక లేదు.

"కారు ఎండలో ఆపుతున్నారా?"

"లేదండి. క్లినిక్ కింద, నీడలోనే."

"కడిగేదెవరు?"

"నేనే. మీరిచ్చిన షాంపూతోనే."

ఒక్కో జవాబూ ఆమె మెడకే చుట్టుకుంటోంది. ఎండా కాక, సబ్బూ కాకపోతే ఇక మిగిలింది ఆమె చేతులే.

"పోనీలెండి, ఇంకోసారి వేసేయండి," అన్నాడతను హాయిగా. "నాకేం తొందర లేదు."

"నాకుంది."

ఆ గొంతు విని అతను స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

ఆమె సీసాతో నీళ్లు చిలకరించింది. కోటింగ్ ఉన్నచోట నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి. లేనిచోట ప్లాస్టిక్ తాగేస్తుంది. బంపర్ పైఅంచున, ఎండ నేరుగా తగిలేచోట, ముత్యాలు నిలిచాయి. కింద, నీడపట్టున, ఒక్క చుక్కా నిలవలేదు.

"ఎండ కింది నుంచి కొట్టదు కదా," అంది తనలో తను.

"నేల మీద పడి పైకి లేస్తుందేమోనండి."

"మీరు పళ్ల సంగతి చూసుకోండి. ఎండ సంగతి నేను చూసుకుంటాను."

టార్చి పట్టుకుని ముఖం దాదాపు బంపర్‌కు ఆనించింది. ముందు వాసన తగిలింది. పుదీనా వాసన. పదేళ్లు వాడిన బంపర్ నుంచి పుదీనా వాసన. తర్వాత గీతలు కనిపించాయి. గోరంత గోరంత సున్నాలు, ఒకదాని పక్కన ఒకటి, ఎంతో ఓపికగా, వరస తప్పకుండా. ప్లాస్టిక్ గుంటల్లో తెల్లటి మెత్తని పొడి.

ఆమె లేచింది. బల్ల మీది పాత బంపర్ ముక్కకు తెల్ల పాలిష్ పూసి, చిన్న బ్రష్ ఒకటి అతని చేతికిచ్చింది.

"పేషెంట్లకు తోమడం నేర్పిస్తారా?"

"రోజూ అదే పనండి. చాలామంది అడ్డంగా బరికేస్తారు."

"మరెలా తోమాలి? చూపించండి."

విద్య అడిగినవాళ్లకు చెప్పకుండా ఉండలేని మనిషి. ఉత్సాహంగా బ్రష్ ఆనించాడు. "ఇలా. చిన్నచిన్న సున్నాలు. గట్టిగా నొక్కకూడదు. పంటికి పది..."

నాలుగో సున్నాకు చెయ్యి నెమ్మదించింది. ఆరో సున్నా పూర్తి కాలేదు.

"పొడి కూడా మీదేనా?" అంది ఆమె.

"పళ్లకు పాలిష్ పెట్టేది," అన్నాడు చాలా చిన్నగా.

పక్కన కార్లు కడిగే మోటారు ఆగింది.

"ఎందుకు?"

"నల్లగా ఉంటే ఇక్కడికి రావడానికి పనేం ఉంటుందండీ." బ్రష్‌ను చూస్తూ చెప్పాడు. "మొదటిసారి నాలుగు గంటలు కూర్చున్నాను. మీరు టేపు అంటిస్తూ మాట్లాడుతుంటే నాలుగు నిమిషాల్లా గడిచిపోయాయి. నంబరు అడుగుదామనుకున్నాను, ధైర్యం చాల్లేదు. బ్రష్ పట్టుకోవడమైతే అలవాటైన పనే."

"పదిహేను రోజులుగా నా చేతుల్ని నేనే నమ్మట్లేదు, తెలుసా?" ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే అతనికి నయంగా ఉండేది. "సరిగ్గా కడగలేదా, ఆరకముందే వేశానా అని పడుకున్నా అదే ఆలోచన. ఇది నేను చెబితే బాబాయి నమ్మరు, పన్నెండింటికి పద్దెనిమిది కార్ల పని పోతుంది. రేపట్నుంచి నేను బిల్లులు రాసుకుంటాను. మీరు కబుర్లు చెప్పుకోడానికి ఇంకో షెడ్డు చూసుకోండి."

అతని ముఖం ఏ కోటింగుకూ లొంగనంతగా వెలిసిపోయింది.

"ఇది నాకు తెలీదండి." లేచి నిలబడ్డాడు. "బాబాయిగారికి నేను చెప్తాను."

"నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

"తన్నినా తంతారు."

"పళ్లకు తగలకుండా చూసుకుంటాను."

పన్నెండుకు పది నిమిషాలు. అద్దాల గదిలో జరిగేది ఆమెకు కనిపిస్తోంది గానీ వినిపించడం లేదు. డాక్టరు నిలబడి ఉన్నాడు. బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు. డాక్టరు వేలితో గాలిలో సున్నాలు చుట్టాడు. బాబాయి నుదుటి మీది కళ్లద్దాలు వాటంతటవే ముక్కు మీదికి జారాయి. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ట్రావెల్స్ మేనేజరు కారు తిరిగింది. నిలబడాలో కూర్చోవాలో తెలియక ఆమె ఒక టేపు చుట్టను పట్టుకుని నిలబడింది.

బాబాయి బయటికొచ్చాడు. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"ఇదిగోనండి, మా అన్నయ్య కూతురు," అన్నాడు మేనేజరుతో. "మీ కార్లన్నీ ఈ అమ్మాయే చేస్తుంది. ఈమె వేసిన కోటింగ్ ఊడాలంటే ఒక పళ్ల డాక్టరు కూర్చుని రోజుల తరబడి తోమాలి."

మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మెచ్చుకోలుగా తలూపాడు. ఆమె చేతిలోని టేపు చుట్ట నలిగి చపాతీలా అయింది.

ఆయన్ను లోపలికి తీసుకెళుతూ బాబాయి డాక్టరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "గ్యారంటీ ఎండకూ, వానకూనయ్యా. డాక్టర్లకు కాదు."

ఆయన నోట 'తమరు' పోయి చనువుగా 'అయ్యా' వచ్చింది. ఆమె అది గమనించింది. డాక్టరు గమనించలేదు. తలవంచుకుని కారు తాళాలు వెతుక్కుంటున్నాడు.

"ఎక్కడికి?" అంది ఆమె. "ఇలా వదిలేస్తే నా పరువేం కావాలి? ఇంకొక్కసారి వేస్తాను. తర్వాత ఆర్నెల్లు ఎండలో పెట్టండి. బ్రష్ సంగతి దేవుడెరుగు, వేలు కూడా తగలకూడదు. నా పని నిలుస్తుందని నా కళ్లతో నేను చూసుకోవాలి."

"ఆర్నెల్లా? అంటే ఆర్నెల్లపాటు ఇక్కడికి..." మిగతా మాట మింగేశాడు.

ఆమె నీళ్ల పైపు అందుకుంది. బంపర్ కడిగింది, తుడిచింది, ఆరనిచ్చింది. కోపం ఎక్కడికీ పోలేదు. దాని వెనకే నవ్వొకటి వచ్చి నిలబడితే, దాన్ని ఇంకాసేపు నిలబెట్టింది.

"కారు పాడైతేనే రావాలని బోర్డు మీదేమైనా రాశామా?" అంది తలెత్తకుండా.

అతను నిజంగానే తిరిగి బోర్డు చూశాడు. "లేదండి."

"ఆదివారాలు పని తక్కువ. నడిచి రండి."

అద్దాల గది తలుపు కాస్త తెరుచుకుంది. "అమ్మాయ్, ఆ డాక్టర్ని ఊరికే కూర్చోబెట్టకు. టేపైనా పట్టుకోమను."

ఆమె టేపు కొస చాచింది. పళ్లు పీకడంలో ఆరితేరిన వేళ్లతో అతను దాన్ని అందుకున్నాడు. బంపర్ పొడవునా టేపు వంకరగా పడింది. ఇద్దరూ కలిసి పీకేసి, మళ్లీ మొదటి నుంచి అంటించారు.