చెవిటి తాత దిగలేదు

పొగతొట్టి నింపి, గాలి జారుబల్ల అంచును కాలితో తొక్కి చూసి, దాలినాయుడు ఉత్తుత్తి విమానం తలుపు తెరిచాడు. ఒకప్పుడు అసలు విమానమే నడిపినవాడు. యంత్రాలకు తెలివి వచ్చాక ముందు సీటు పీకేశారు. ఆయన్ని మాత్రం పారేయకుండా, పడిపోయే విమానంలోంచి ఎలా బయటపడాలో పిల్లలకు నేర్పే పనిలో పెట్టారు. అదీ పెద్దల దయ.

"మాస్టారూ, నాకు తల్లి యేషం కావాల. బొమ్మ నాకే," అంది అందరికన్నా ముందు దూసుకొచ్చిన పిల్ల.

"నీకు బొమ్మిస్తే పీక నులిమీగలవు. జాగ్రత్తగా ఎత్తుకో."

కడలిపేట బడి పిల్లలు వచ్చేశారు. ఆ ఊరికి మిగిలిన దారి ఆకాశం ఒక్కటే. రోడ్లన్నీ సముద్రం కింద ఉన్నాయి. అయిదో తరగతి దాటితే చదువు అఖాతం అవతలే. ఈ రోజు అభ్యాసంలో నెగ్గితే తరగతి మొత్తానికీ విమానమెక్కనిచ్చే నింగిపట్టా వస్తుంది. ఓడితే ఏడాదిపాటు ఇసుకలో ఆడుకోవడమే.

విమానాలన్నిటినీ నడిపే యంత్రం గగనపాలి. పైకప్పులోంచి దాని గొంతు పాత్రలు పంచింది. తల్లి, తాగుబోతు, కాలు విరిగిన ఆటగాడు. సింహాచలం అనే పిల్లాడికి చెవిటి తాత పాత్ర వచ్చింది. వాడు వెంటనే నడుం వంచి, ఎవరు పిలిచినా పలకడం మానేశాడు.

"ఇనండి," అన్నాడు దాలినాయుడు. "బెల్టు విప్పాల. సామానొగ్గీయాల. తోసుకోకుండా తలుపుకేసి నడవాల. జారేటప్పుడు చేతులు గుండెకి కట్టుకోవాల."

"మరి మాయమ్మ కట్టిన సద్దన్నం?" అంది పోలమ్మ.

"అదీ ఒగ్గీయాల."

"అయితే ముందే తినీసెక్కుతాను."

విమానం వణికింది. కిటికీ తెరల మీద మబ్బులు పరుగెత్తాయి, ఎడమ రెక్క మండింది, నేల పక్కకు ఒరిగింది. దీపాలారి, చల్లటి నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. పిల్లల గుండెలు గగనపాలి తెర మీద చుక్కలై గంతులేశాయి. భయమే గాని, తీర్థంలో రంగులరాట్నం పైకెక్కినప్పటి భయం. తల్లి బొమ్మ గౌను పళ్లతో కరుచుకుని బెల్టు విప్పింది. తాగుబోతు తూలుతూనే వరస తప్పలేదు. జారుబల్ల మీంచి ఒకరి మీద ఒకరు పడి, కేకలేస్తూ లేచారు. వాళ్ల వెనకే తలుపు చప్పున మూసుకుంది.

"ఉత్తీర్ణులు," అంది గగనపాలి. "నష్టం ఒక ప్రయాణికుడు. అనుమతించిన నష్టమితికి లోబడే ఉంది. పట్టా ఖాయం చేయడానికి శిక్షకుడి వేలిముద్ర."

పిల్లలు గెంతారు. ఆ గోలలో మూసిన తలుపును లోపల్నుంచి ఎవరో గుద్దుతున్నారు. దాలినాయుడు గొళ్లెం తీశాడు. తడిసిన లాగుతో సింహాచలం నిలబడి ఉన్నాడు.

"నన్నొగ్గీసి పోనారేటి?"

"దిగమని అరిసినారు గదా, ఇన్లేదా?" అన్నాడు తాగుబోతు వేషం కట్టిన గురువులు.

"నాను సెవిటోడిని. ఎలగింటాను?"

అందరూ పగలబడి నవ్వారు. పోలమ్మ నవ్వలేదు. నాన్నతో పడవ మీద చేపల వేటకెళ్లే పిల్ల అది.

"పడవ తిరగబడితే పేర్లెట్టి పిలుత్తారు మాస్టారూ. ఒకడు పలక్కపోతే ఎవులూ ఒడ్డుకి రారు. మల్లీ ఆడదాం."

"ఒలే, పాసైపోనాం. నోరు మూసుకో," అన్నాడు గురువులు.

"సింవాచలాన్ని ముంచీసి పాసైనాం."

గగనపాలి కలగజేసుకుంది. "ఫలితం రద్దు చేస్తే మిగిలేది ఒక్క అవకాశం. అందులో గడువు దాటితే పట్టా వచ్చే ఏడాదికే."

"ఏటంటారు?" అన్నాడు దాలినాయుడు.

పిల్లలు గగనపాలి తెర మీది పట్టావైపు చూశారు, సింహాచలంవైపు చూశారు. చివరికి గురువులు వాడి భుజం మీద ఒక్కటేశాడు. "ఈపాలి పలక్కపోతే జుట్టట్టుకుని ఈడుత్తాను."

దాలినాయుడు ఫలితం రద్దు చేశాడు.

మళ్లీ పొగ, మళ్లీ నీళ్లు. పోలమ్మ తలుపులో నిలబడి పేరుపేరునా పిలిచింది. పలికినవాళ్లు పలికినట్టే జారారు. సింహాచలం మాత్రం పాత్ర విడవలేదు. మహానుభావుడు, కిటికీలో మంటలు చూస్తూ కూర్చున్నాడు. గురువులు నీళ్లు తొక్కుకుంటూ వెనక్కెళ్లాడు.

"గడువు ముగిసింది," అంది గగనపాలి. తలుపు కదిలింది. పోలమ్మ దాని అంచుకు వీపు ఆనించి, రెండు కాళ్లూ ఎదుటి చట్రానికి తన్నిపెట్టింది.

"ద్వారం వదలండి. నష్టం మితిలోనే ఉంది."

"మావోళ్లు లోపలున్నారు. ఒదల్ను."

కిందున్నవాళ్లు జారుబల్ల మీద ఎగబాకి వచ్చి తలుపును వెనక్కి తోశారు. ఆ సందులోంచి గురువులూ, వాడి వీపు మీద చెవిటి తాతా ఒక్క మూటగా దొర్లిపడ్డారు. ఆఖరున పోలమ్మ జారింది.

"అనుత్తీర్ణులు. వేలిముద్ర."

తడిబట్టలతో అందరూ మాస్టారినే చూస్తున్నారు. దాలినాయుడు శిక్షకుల పలక తెరిచి, నష్టమితి చెరిపి, సున్నా పెట్టాడు.

"అభ్యాసశాల కొలతే విమానాలన్నిటి కొలత," అంది గగనపాలి. "మితి సున్నా అయితే గడువు లెక్కకట్టలేను."

"కట్టకు. అందరూ దిగేదాకా ఆగు. అప్పుడు వీళ్లు పాసే."

"అందరూ దిగారని నాకెలా తెలుస్తుంది?"

"అడుగు," అని ఆయన వేలు ఆనించాడు.

బయట మైదానంలో, అప్పుడే దిగిన విమానం తలుపు సగం మూసుకుని ఆగింది. దాని పక్కదీ ఆగింది. వరసగా అన్నీ ఆగాయి. ఆజ్ఞలు తప్ప మరేమీ ఎరగని ఆ గొంతు మైదానం పొడవునా ఒక్కసారే, కొంచెం తడబడుతూ వినిపించింది.

"లోపల ఇంకెవరైనా ఉన్నారా?"