చెయ్యి చాచిన ఫోటో

తెరమీద తను తీసిన ఫోటో పడగానే ఎబినేజర్ ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. వరదలో మునిగిన గోదావరి లంకలో ఒక పెద్దావిడ పులిహోర పొట్లం కోసం చెయ్యి చాచిన ఫోటో అది. పేపర్లో మొదటి పేజీకెక్కింది. అమలాపురం కాలేజీలో జర్నలిజం పిల్లలకు పాఠం చెప్పమని పిలుపు వచ్చిందీ దాని పుణ్యమే. పిలిచిన లెక్చరర్ కరుణ వైపే అతని చూపు పోతోందంటే, ఆ పాపం మాత్రం ఫోటోది కాదు.

"తీసే ముందు ఆవిడని అడిగేరా అండీ?" అంది కరుణ.

"వరదలో అడిగే టైమెక్కడిదండీ? ఈ ఫోటో పడ్డాకే లంకకి పడవలొచ్చేయి."

"ఆయ్, పడవలైతే వచ్చేయండి. ఆవిడ పేరు?"

ఎబినేజర్ తెర వైపు తిరిగి, పేరెక్కడైనా ఉందేమోనని చూశాడు.

"ఎలీసమ్మ. మా అమ్మ," అంది కరుణ. "గుమ్మంలోకొచ్చినవాళ్లని అన్నం పెట్టకుండా పంపడం ఎరగదు. ఆ పొట్లం పక్కింటి బాలింత కోసం అడిగింది. పేపర్ చూసినప్పట్నుంచీ చర్చిలో వెనక బెంచీలో కూర్చుని, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేస్తోంది."

కరుణ పిల్లల వైపు తిరిగింది. "చెప్పండి, ఈ ఫోటో వెయ్యాలా, వద్దా?"

క్లాసు రెండుగా చీలి పోట్లాడుకుంది. "మీరేమంటారు మేడమ్?" అన్నారు చివరికి.

"నాకూ తెలీదు. ఆ పడవల్లో ఒకటి మా అమ్మనీ ఒడ్డుకి చేర్చింది."

ఆ తర్వాత పాఠాల వంకతో ఎబినేజర్ తరచూ వచ్చేవాడు. కరుణతో వాదించని రోజు అతనికి రోజులా ఉండేది కాదు. ఒక సాయంత్రం వానకు వరండాలో ఆగినప్పుడు మనసులో మాట చెప్పేశాడు.

"ముందు అమ్మకి మొహం చూపించండి. ఆ తర్వాతే నా జవాబు," అంది కరుణ.

ఆదివారం పడవెక్కి లంకకి వెళ్లాడు. కెమెరా సంచి అరుగు మీదే వదిలాడు. "తప్పయిందండీ, అమ్మగారూ. మీ పేరైనా అడగలేదు."

ఎలీసమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "కూర్చోండి బాబూ. భోంచేసి మాట్లాడండి."

పనసపొట్టు కూర మారు వడ్డించింది. వద్దంటే వినలేదు. వడ్డిస్తుంటే ఆవిడ మొహం వెలిగిపోయింది. అతని కళ్లు అరుగు మీది కెమెరా వైపు పోయాయి, కానీ అతను లేవలేదు.

"ఒక ఫోటో తీసుకోమంటారా అండీ? ఇలా, వడ్డిస్తుండగా?"

"నాదెందుకు? అమ్మాయి అంతా చెప్పింది లెండి. ఇద్దరూ పక్కపక్కన నిలబడండి. ఎక్కడ నొక్కాలో చూపించండి."

వంటింట్లోంచి కరుణ సిగ్గుపడుతూనే వచ్చి అతని పక్కన నిలబడింది. ఎలీసమ్మ అతను తెచ్చిచ్చిన కెమెరా కంటికి ఆనించి, ఆగింది.

"తియ్యమంటారా?"

"ఆయ్," అన్నారిద్దరూ ఒక్కసారే.