ఆఖరి మెకానిక్

"రైలు సిగ్నళ్లన్నీ నడిపేది ఒక్క పాత మెయిన్‌ఫ్రేమ్" అన్నాడు చీఫ్. "కంపెనీ ఆ మోడల్‌ని వదిలించుకుంది. పని తెలిసినవాళ్లని ఇళ్లకు పంపి, మెయింటెనెన్స్ ఓ బ్రోకర్ చేతిలో పెట్టింది. వాడు విదేశీ ముఠా మనిషి. పదకొండింటికి ప్యాచ్ పేరుతో దొంగ ప్రోగ్రాము ఎక్కిస్తాడు. ఎదురెదురు బళ్లకు ఒకేసారి పచ్చలైటు."

"బళ్లు ఆపించండి సార్."

"పైవాళ్లకి సాక్ష్యం కావాలట. లోపల మన మనిషి ఉంది. కోడ్‌వర్డ్ తుప్పు. కంపెనీ ఇంటికి పంపేదాకా నువ్వు ఇరవయ్యేళ్లు ఆ మెషిన్ మెకానిక్‌వి కాబట్టే నిన్ను పంపుతున్నా."

పదకొండు గంటల బండి నడిపేది ఏజెంట్ కూతురు. భార్య పోయాక మిగిలింది ఆ పిల్లొక్కతే.

పాతసామాన్లవాడి వేషం, భుజాన గోనెసంచి, చొక్కా గుండీలో ట్రాన్స్‌మీటర్. మెషిన్ గదిలో బ్రోకర్ దగ్గర పనిచేసే సేల్స్ మేడమ్ ఎదురైంది. పట్టుచీర, ఖరీదైన సెంటు.

"తుప్పుందా అమ్మా?"

"బోలెడుంది బాబాయ్." తలుపు గడియ పెట్టి పిస్టల్ తీసింది. "ప్యాచ్ వైరులో వచ్చేస్తుంది. దానికి ముందు మెషిన్‌కి టేపు ఎక్కించే దిక్కే లేదిక్కడ. మీ మనిషినని నమ్మించి, మెకానిక్‌ని పంపమని మీ చీఫ్‌కి చెప్పింది నేనే. ఊఁ, కానియ్!"

పది యాభై ఆరు.

ఏ మార్పయినా ఒప్పుకునే ముందు ఆ మెషిన్ పాత ప్రోగ్రాముని టేపు మీద రాసిపెట్టుకుంటుంది. టేపు చక్రం వెనక ప్లాస్టిక్ రింగు లేకపోతే రాయదు. ఏజెంట్ చక్రం ఎత్తాడు. చెమట పట్టిన బొటనవేలితో రింగు ఊడబెరికి సంచిలోకి జారవిడిచి, చక్రాన్ని మెషిన్‌కి ఎక్కించాడు.

పది యాభై తొమ్మిది. ఎర్రదీపం వెలిగింది. ప్యాచ్ ఆగిపోయింది. తెరమీద ఒక ఎర్రర్ నంబరు. అంతే.

"ఏంటది? చెప్పు, కాల్చేస్తా!"

"కాల్చు. ఇది తెలిసిన ఆఖరివాణ్ణి నేనే."

ఆమె కంపెనీ హెల్ప్‌లైన్‌కి కొట్టింది. "ఈ మోడల్‌కి సేవలు నిలిపివేశాం. కొత్త మోడల్ కోసం ఒకటి నొక్కండి."

కిటికీ అద్దాలు గడగడలాడాయి. పదకొండు గంటల బండి క్షేమంగా దాటిపోయింది. గుండీలోంచి అంతా విన్న పోలీసులు తలుపు బద్దలుకొట్టారు.

వారానికి కంపెనీవాళ్లు ఫోన్ చేశారు, మళ్లీ ఉద్యోగంలో చేరమని.

"ఆ రకం మనుషుల తయారీ ఆపేశారండీ" అని పెట్టేశాడు.