పెండ్లిచూపులనాడు పొగ రాలే

పెండ్లిచూపులంటే దివాకర్‌కు భయం లేదు. పిల్లది ఏ ఊరో తెలిసినంకనే గుండెల్ల రాయి పడ్డది.

ఇబ్రహీంపట్నం అవతల, మనోడు పనిచేసే ఇనుప కడ్డీల ఫ్యాక్టరీ వెనక ఊరే! ఆ ఫ్యాక్టరీల సస్టైనబిలిటీ ఆఫీసర్, అంటే కరెంటు, పొగ లెక్కలు చూసేటోడు ఇతనే. ఇనుము కరిగించే ఫర్నేస్ మస్తు కరెంటు తాగుతది, జర తగ్గించుమన్నరు పెద్ద సార్లు. తగ్గించిండు. ఎట్లనుకున్నరు? పొగ వడగట్టే ఫిల్టర్‌ను బంద్ పెట్టి! సర్కారోళ్ల చెకింగ్ ఉన్ననాడే దాన్ని నడిపిస్తరు. కరెంటు మిగిలిందని రిపోర్టుల గొప్పగ రాసిండు, సన్మానం కూడ చేయించుకున్నడు. మసి మాత్రం ఊరి మీద పడుతది.

అందుకే పెండ్లిచూపులున్న ఆ ఆదివారం షిఫ్ట్ ఇంచార్జ్‌ను బతిమిలాడి, పొద్దుగాల్నుంచే ఫిల్టర్ నడిపించిండు.

మీర్‌పేట్ నుంచి అమ్మానాయినతోని కార్ల వచ్చి దిగితే ఆకాశం కడిగినట్టున్నది. పెండ్లిపిల్ల నర్మద చాయ్ పట్టుకొచ్చి, కండ్లెత్తి ఒక్కసారి చూసింది. అంతే, కప్పు అందుకునుడే మరిచిపోయిండు మనోడు.

"పిల్లలు జర మాట్లాడుకోనీ," అన్నడు నర్మద బాపు ఎంకయ్య. ఇద్దరు డాబా మీదికి ఎక్కిన్రు. డాబా నిండ తెల్లబట్టలు, ఎర్ర మిరపకాయలు ఆరేసున్నయి. చుట్టుపక్కల డాబాలన్నీ గట్లనే ఉన్నయి.

"మీ ఊరోళ్లంత ఒక్కనాడే బట్టలుతుకుతరా?" అన్నడు, ఏదో ఒకటి అనాలె గద అని.

"పొగ రానినాడు ఉతుకుతం. అంటే చెకింగ్ నాడు," అన్నది నర్మద. "ఇయ్యాల ఆదివారం, ఏ ఆఫీసరూ రాడు. మరి ఫిల్టర్ ఎందుకు నడుస్తున్నది?"

దివాకర్ చూపు మిరపకాయల మీదికి మళ్లించిండు.

"నేనే... నడపమన్న."

"ఎందుకు?"

"నువ్వు చూస్తవని."

నర్మద నవ్వలే. "ఒక్క పిల్ల కోసం నడిచేది ఊరి కోసం ఎందుకు నడవది? మా అమ్మ దినాం దగ్గుతది, ఎరుకనా?"

సిగ్గుతోని చచ్చిపోయినంత పనైంది. తల దించుకొని మెట్లు దిగిండు. కింద నర్మద అమ్మ జంగమ్మ దగ్గుకుంటనే "ఇంకో లడ్డు తిను బిడ్డా" అని పెట్టిన లడ్డు తినకుండ చేతుల్నే పట్టుకొని కారెక్కిండు.

సోమవారం పొద్దుగాల ఆఫీసుల కూసొని ఉన్నదున్నట్టు రాసిండు. ఫిల్టర్ ఆపి కరెంటు మిగిలించినం, అది తప్పు, రోజూ నడపాలె, మిగిలించేదేదో ఫర్నేస్ దగ్గర మిగిలించాలె. పెద్ద సార్లకే కాదు, కడ్డీలు కొనే కంపెనీలకు కూడ పంపిండు. పొద్దుగూకినంక నర్మదకు ఫోన్ చేసిండు.

"నిజం రాసి పంపిన. ఫిల్టర్ నడవకుంటే సరుకు వద్దని కొనేటోళ్లు ఒకటే ఫోన్లు. ఇగ ఫిల్టర్ రోజూ నడపక తప్పదు. సార్ మస్తు గరమైండు, నా నౌకరి ఉంటదో ఊడుతదో తెల్వదు. ఈ సంబంధం వద్దని మీ బాపుకు చెప్పు."

"చెప్పేది నిన్ననే చెప్పిన."

"ఏమని?"

"ఖాయం చేయమని."

"నిన్ననా? నేను రాస్తనో రాయనో తెల్వకముందేనా?"

"మెట్లు దిగేటప్పుడు నీ మొఖం చూసిన," అన్నది నర్మద. "సిగ్గులేనోడు గట్ల దిగడు."