అలక కుర్చీ

ఆ ఇంట్లో కుర్చీలు చాలానే ఉన్నాయి. అయినా మనవాడు పోయిపోయి సరిగ్గా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు.

తప్పు అతనిది కాదు లెండి. సోఫాలూ కుర్చీలూ బాగుచేయడం అతని పని. ముందు అందులో కూర్చుని అటూ ఇటూ కదిలితే, ఏ స్ప్రింగు పోయిందో నడుముకే తెలిసిపోతుంది. కిటికీ పక్కనున్న ఆకుపచ్చ కుర్చీలోనూ అలాగే కూర్చున్నాడు.

అంతే! వంటింట్లో స్టవ్ ఆగిపోయింది. పేపరు చదువుతున్న పెద్దాయన కళ్ళజోడు తీసేశాడు. బామ్మ గోడ పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడింది. లోపలి నుంచి ఒక అమ్మాయి తల తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"చెప్పు నాయనా, ఎవరి మీద అలక?" అంది బామ్మ.

"అలకేంటండీ? స్ప్రింగు చూస్తున్నాను," అంటూ లేవబోయాడు.

"ఆగండాగండి, లేవకూడదు!" అంది అమ్మాయి. "ఇది మా ఇంట్లో అలక కుర్చీ. ఇందులో ఎవరు కూర్చుంటే వాళ్ళ మనసుకి ఏదో గుచ్చుకుందని లెక్క. అందరం పనులాపి వినాలి. చెప్పేదాకా వదలం."

"నేను పనికొచ్చినవాణ్ణండీ!"

"అయితే ఏంటి? అలక అందరికీ వస్తుంది. మొన్న మా నాన్న గంటసేపు కూర్చున్నారు. ఆయన జోకులకి ఎవరూ నవ్వట్లేదట."

"ఇప్పటికీ నవ్వట్లేదు," అన్నాడు పెద్దాయన.

మంచి పిచ్చివాళ్ళ మధ్య పడ్డాన్రా దేవుడా అనుకున్నాడు మనవాడు. ఏదో ఒక అబద్ధం చెప్పి బయటపడదామని నోరు తెరిచాడు. నిజం జారిపోయింది.

"మా నాన్న నాతో మాట్లాడరండీ. షాపులో ఇద్దరమే ఉంటాం. మేకులు, ఫోము, డెలివరీ... అంతకుమించి మాటుండదు. అమ్మ పోయినప్పటి నుంచీ ఇంతే."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ సలహా ఇవ్వలేదు కూడా. బామ్మ "ఊఁ" అంది. అమ్మాయి మాత్రం అతన్ని కాస్త ఎక్కువసేపే చూసింది. ఆ చూపుతో మనవాడి పని అయిపోయింది.

రెండ్రోజుల్లో ఇచ్చేస్తానని చెప్పి కుర్చీని షాపుకి తీసుకెళ్ళాడు. గడువు దాటగానే అమ్మాయి వానలో తడుస్తూ వచ్చేసింది.

"ఏవండీ కుర్చీల డాక్టరుగారూ, మా పేషెంటుకి ఎలా ఉంది?"

"స్ప్రింగు దొరకలేదండీ."

మర్నాడు మళ్ళీ వచ్చింది. గుడ్డ రంగు కుదరలేదన్నాడు. ఇంకోసారి దారం నాసిరకమన్నాడు. వచ్చినప్పుడల్లా ఆమె తగాదా పెట్టుకునేది. తగాదా అయిపోయినా, వాన వెలిసిపోయినా, "ఇంకా చినుకులున్నాయి" అంటూ కూర్చునేది. ఇద్దరి మధ్యా 'అండీ'లు ఎప్పుడో ఎగిరిపోయాయి.

"నీ పుణ్యమా అని మా ఇంట్లో అలకలు పేరుకుపోతున్నాయి. బామ్మకి నాన్న మీద కోపమొచ్చింది. స్టూలు మీద కూర్చుంటే ఎవరూ పట్టించుకోలేదు."

"స్టూలు అలక్కి పనికిరాదా?"

"వీపు ఆనించుకోకుండా ఎంతసేపని అలుగుతాం?"

మూలన కుట్టుమిషను దగ్గర అబ్బాయి వాళ్ళ నాన్న తలెత్తకుండా కుట్టుకుంటున్నాడు. ఆయనకి వినబడుతోందో లేదో దేవుడికెరుక.

"ఇంతకీ ఇవాళైనా అయిందా?"

"అదే స్ప్రింగు..." అన్నాడు అబ్బాయి.

మిషను ఆగింది.

"అబద్ధం," అన్నాడు తండ్రి. "కుర్చీ ఎప్పుడో అయిపోయిందమ్మా. నువ్వొచ్చే వేళకి కుట్లు విప్పుతాడు, వెళ్ళాక మళ్ళీ కుడతాడు. బంగారంలాంటి గుడ్డ చిల్లులు పడుతోంది. చూడలేక చస్తున్నాను."

అబ్బాయి చేతిలో సూది కిందపడింది. నాన్న నోట అన్ని మాటలు ఒక్కసారిగా విని ఎన్నాళ్ళయిందో! సంతోషించాలో, పరువు పోయినందుకు ఏడవాలో తెలియలేదు.

అమ్మాయి మొహం ఎర్రబడింది. సరాసరి వెళ్ళి, సగం కుట్లు విప్పిన ఆ కుర్చీలోనే కూర్చుంది.

"అడుగు," అంది.

"ఎ... ఎవరి మీద అలక?"

"నీ మీదే! అక్కడ మావాళ్ళు మొహాలు తిప్పుకుని తిరుగుతుంటే ఇక్కడ నువ్వు నాటకాలాడుతున్నావా? కుర్చీ ఇచ్చేసి 'మళ్ళీ రా' అని ఒక్క మాటంటే ముత్యాలు రాలిపోతాయా?"

"కుర్చీ ఇచ్చేస్తే రావేమోనని భయమేసింది."

"మొద్దూ! పాత కుర్చీ కోసం ఎవరైనా రోజూ వానలో తడుస్తారా? నీ కోసమే వస్తున్నానని ఇంకా వెలగలేదా?"

"నువ్వంటే నాకు చాలా ఇష్టం" అనడానికి మనవాడి నాలుక నానా తంటాలు పడింది. అనేశాక మాత్రం మొహమంతా నవ్వే.

"ఇక లేమ్మా," అన్నాడు తండ్రి. చేతులు తుడుచుకుని, ఆమె లేవగానే వచ్చి తను కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన అన్నీ వింటూనే ఉన్నాడన్నమాట!

అమ్మాయి అబ్బాయిని డొక్కలో పొడిచింది. అతను తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

"ఏంటి నాన్నా? ఎవరి మీద?"

"నీ మీదేరా. మీ అమ్మ పోయాక నాతో మాట్లాడ్డం మానేశావు. కదిలిస్తే ఏడుస్తావేమోనని నేనూ కదిలించలేదు. ఈ అమ్మాయితో గంటలకొద్దీ నవ్వుతుంటే సంతోషమే అనుకో. కానీ కుళ్ళుకున్నాన్రా."

"నువ్వే మాట్లాడవనుకున్నాను నాన్నా," అంటూ తండ్రి మోకాళ్ళు పట్టుకుని అబ్బాయి భోరుమన్నాడు. ఆయన వాడి తల నిమిరాడు.

కాసేపటికి ముక్కు చీదుకుని అమ్మాయి వైపు తిరిగాడు.

"వీడు రేపట్నుంచి పని మానేసి కబుర్లే చెప్పేలా ఉన్నాడు. అయినా సరే, వీణ్ణి కట్టుకుంటావా అమ్మా?"

ఆమె అబ్బాయి వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"వీడి సంగతి తీరిగ్గా ఆలోచిస్తాను గానీ, ముందు మీరు మా ఇంటికి వచ్చి మావాళ్ళతో మాట్లాడండి మావయ్యా," అంది.