పాస్ అంటే పడని ఇల్లు

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి ఆ ఇంట్లో పొయ్యి మీద నాలుగు గుడ్లు ఉడుకుతున్నాయి. బల్ల ముందు కూర్చున్న ఇంటాయన వాటికంటే ఎక్కువ ఉడికిపోతున్నాడు.

ఆయన పార్సిల్ ఆఫీసులో తూకం గుమాస్తా. వచ్చిన మూటనల్లా తూచి ఓ మూలకు నెట్టడం ఆయన పని. మనుషుల్ని కూడా అలాగే తూచి పక్కన పడేయడం ఆయన గుణం. దానికి మాత్రం ఎవరూ జీతమివ్వరు. ముందుగదిలో సున్నం కనబడకుండా పతకాలు వేలాడుతున్నాయి. ఆయన తండ్రి బరువులెత్తాడు, చెల్లెలు పరుగులు తీసింది, తను బాస్కెట్‌బాల్ ఆడాడు. ఆట మానేసి పంతొమ్మిదేళ్లయినా చివరి మ్యాచ్‌లో వేసిన చివరి బాస్కెట్ కథ మాత్రం మానలేదు. పెళ్లయిన కొత్తలో ఆ కథలో ఆయన తప్పించుకున్నది ఇద్దర్ని. ఇప్పుడు అయిదుగురయ్యారు. ఇంకో రెండేళ్లలో రిఫరీని కూడా కలిపేస్తాడని భార్య అనుమానం.

"పులి కడుపున పిల్లి పుట్టింది," అన్నాడు గుడ్డు పెంకు ఒలుస్తూ.

"పొద్దున్నే ఎవరి మీద?" అంది భార్య. ఆవిడ ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఆటల వంశంలో ఆటరాని కోడలు కాబట్టి ఆ ఇంట్లో ఆవిడ మాటకు విలువ తక్కువ.

"ఎవరి మీదో నీకు తెలీదా? ఆట ముగియడానికి మూడు సెకన్లున్నాయి. ఒక్క పాయింటు వెనకున్నాం. బంతి దీని చేతిలో ఉంది. ఇంత పొడుగు పిల్ల, ఎగిరి వేసేయక, తీసుకెళ్లి జట్టులోని ఆ పొట్టి బుడంకాయ చేతిలో పెట్టింది! మా వంశంలో పాస్ ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"పాసైనవాళ్లు మాత్రం ఎవరున్నారు? మామయ్యగారు ఎనిమిదిలో ఆగారు, మీ చెల్లెలు తొమ్మిదిలో. మీరు పది మీదికి మూడుసార్లు దండయాత్ర చేశారు."

ఆయన వినిపించుకోలేదు. ఫైనల్ ఓడి మూడు రోజులైంది. మూడు రోజులుగా అదే పాట.

కూతురు గదిలోంచి వచ్చి కూర్చుంది. హైస్కూలు చివరి ఏడాది. గుమ్మం దాటాలంటే తలవంచాలి గనక బళ్లో అందరూ నిచ్చెన అంటారు. ఫైనల్ ఓడినా జూనియర్ జట్టు శిబిరానికి ఆ పిల్లని ఎంచారు. ఫారం బల్ల మీదే ఉంది. తండ్రి సంతకంతో పదింటిలోగా బళ్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ చోటు ఇంకొకరిది.

తండ్రి ఫారాన్ని తన వైపు లాక్కుని కలం తీశాడు. "సంతకం పెడతా. కానీ ఓ మాట. శిబిరంలో బంతి చేతికొస్తే ఇంకొకళ్లకి ఇవ్వనని చెప్పు."

"అక్కర్లేదు నాన్నా. నేను వెళ్లట్లేదు."

"ఏంటీ?"

"ఆట మానేస్తున్నా. అది కూడా మానేసింది."

"అదెవరు?"

"బుడంకాయ. ఫైనల్ రోజు నుంచి బడికే రావట్లేదు. నేను వెళ్తే తలుపు తీయట్లేదు."

"పీడా పోయింది! బుట్ట కిందే నిలబెట్టి చేతికిచ్చినా వేయలేకపోయింది. దాని కోసం నువ్వు మానేస్తావా? భయపడి బంతి వదిలించుకున్నావ్, ఇప్పుడిదో వంక. ఆడలేక మద్దెల ఓడందిట!"

పిల్ల కళ్లెత్తి తండ్రిని చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం కంటే చులకన ఎక్కువగా ఉంది. కన్నకూతురు తనని తూచి పక్కన పెడుతోందని ఆయనకు అర్థమై ఒళ్లు మండిపోయింది.

"ఏమోయ్, ఆ రోజు ఫోన్‌లో వీడియో తీశావుగా, పెట్టు! భయపడిందో లేదో దాని కళ్లతోనే చూస్తుంది."

"వద్దమ్మా," అంది కూతురు గబుక్కున.

"ఆయనే అడిగారుగా," అంటూ తల్లి చేతులు తుడుచుకుని ఫోన్ తెచ్చి నీళ్ల చెంబుకు ఆనించింది.

తెరమీద నిచ్చెన. ఎదురుగా ఇద్దరు చేతులు చాపి అడ్డుగోడల్లా నిలబడ్డారు. బుట్ట కింద బుడంకాయ ఒక్కత్తే ఉంది, దరిదాపుల్లో ఎవరూ లేరు. నిచ్చెన ఒక్క క్షణం అంతా చూసి బంతి అటు విసిరింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం, తీసినవాళ్ల పక్కనుంచే, గోడలు అదిరేట్టు వినబడింది.

"దానికెందుకిచ్చావే! ఆ బుడంకాయకి చేతకాదే!"

బంతి పట్టుకున్న పిల్ల ఉలిక్కిపడి గ్యాలరీ వైపు చూసింది. ఆ వెంటనే వేసింది. బంతి అంచుకు తగిలి బయట పడింది.

తూకం గుమాస్తా మింగబోతున్న గుడ్డు గొంతులోనే ఆగింది. మంచినీళ్లు తాగి, "అందరూ అరుస్తున్నారు, అందులో నేనొక్కణ్నేనా..." అన్నాడు.

"ఇంకెవరూ అరవలేదు. మళ్లీ పెట్టనా?" అంది భార్య. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అన్లేదండీ. ఇన్నేళ్లు నా మీద పారేసుకున్నారు, ఊరుకున్నా. అది పరాయి వాళ్ల బిడ్డ."

"ఆటయ్యాక రోజూ గంటసేపు మేమిద్దరం అదే షాట్ వేసేవాళ్లం నాన్నా," అంది కూతురు. "అక్కణ్నుంచి అది పదికి తొమ్మిది వేస్తుంది. నేను ఏడే. అందుకే ఇచ్చాను. భయపడి కాదు."

"మరి మూడు రోజులుగా నేనన్ని మాటలంటుంటే చెప్పలేదేం?"

"నీవల్లే ఓడామని నీకే ఎలా చెప్పను?"

ఆయన తలెత్తలేకపోయాడు. తను పిల్లి అన్న పిల్ల, తండ్రి పరువు కోసం మూడు రోజులు తిట్లు తింది. ఫారం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. "ఆ పిల్ల ఇల్లెక్కడ? పద."

ఇల్లు బస్సుల షెడ్డు వెనక వీధిలో, మూడో అంతస్తు. మెట్లెక్కుతూ ఆయన ఓ మాట కూడబలుక్కున్నాడు. ఏదో ఆవేశంలో నోరు జారాను, మనసులో పెట్టుకోకు. తప్పు తనదైనా బరువు ఎదుటివాళ్ల నెత్తిన పెట్టే మాట. అలాంటివి ఆయనకు కొట్టిన పిండి.

ఆయన తలుపు తట్టగానే లోపల వాళ్లమ్మ కుట్టుమిషన్ చప్పుడు ఆగి, "ఎవరో చూడవే" అని వినబడి, తలుపు తెరుచుకుంది. చేతిలో పుస్తకంతో బుడంకాయ. ఆయన్ని చూడగానే ఓ అడుగు వెనక్కి వేసింది. ఆయన నోరు తెరిచేలోగా ఆ పిల్లే అంది.

"సారీ అంకుల్. మీరు ముందే చెప్పారు, నాకు చేతకాదని. నావల్లే మీ అమ్మాయి ఓడిపోయింది."

కూడబలుక్కున్న మాట ఎటు పోయిందో పోయింది. ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. ఇప్పుడు ఆ పిల్ల మొహం, ఆయన మొహం ఒకే ఎత్తులో ఉన్నాయి.

"నీకు చేతనవును తల్లీ," అన్నాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. "పదికి తొమ్మిదట. పదోదాన్ని నేనే చెడగొట్టాను. చేతకానిది నాకు. నోరు మూసుకోవడం చేతకాలేదు. క్షమించమ్మా."

ఆ పిల్ల నిచ్చెన వైపు చూసింది. నిచ్చెన కూడా ఏడుస్తోంది.

"ఫారం ఇచ్చేశావా?" అంది బుడంకాయ నెమ్మదిగా.

"లేదు."

"తొమ్మిది దాటిందే, పిచ్చిమొహమా!" అంటూ లోపలికి పరిగెత్తి పెన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన మోకాలి మీద ఫారం పరుచుకుని, ఏ షరతూ లేకుండా సంతకం పెట్టాడు. దాన్ని కూతురికి అందించాడు.

"దీన్ని కూడా నీతో తీసుకెళ్లమ్మా," అన్నాడు బుడంకాయని చూపిస్తూ. "ఫారం ఇచ్చాక బళ్లో ఆ బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఆగి, నేను చెడగొట్టిన ఆ పదోది కూడా వేసి రండి. నేను ఇక్కడే కూర్చుంటాను. వాళ్లమ్మకి కూడా చెప్పుకోవాలి."