నైవేద్యానికి ముందు

ఉగాదికి సెలవు పెట్టే క్రైస్తవురాలు ఆళ్లగడ్డ ప్రభుత్వాసుపత్రి మొత్తం మీద కృపావతి ఒక్కతే. క్రిస్మసుకు డ్యూటీ వేసినా నోరెత్తకుండా చేసే నర్సు, ఉగాదికి మాత్రం పది రోజుల ముందే అర్జీ రాసి పెట్టుకునేది. "ఏమ్మా, పంచాంగం వినడానికా?" అని డాక్టరుగారు నవ్వేవారు. "ఇంట్లో పనుంది సార్" అనేది ఆమె తలెత్తకుండా. ఆ పనేమిటో ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు.

1982లో ఉగాది శుక్రవారం నాడు వచ్చింది. ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమల దినాలు కాబట్టి కృపావతికి ఉపవాసం. పొద్దున్నే ఇల్లు ఊడ్చి, భర్త జ్ఞానప్రకాశానికి కాఫీ ఇచ్చి, అత్తకు రాగిజావ తీసుకుని ముందు వరండాలోకి వచ్చింది. అత్త ఏసమ్మకు డెబ్బై రెండేళ్లు. కళ్లకు పొరలు కమ్మి మనుషుల్ని గొంతు విని గుర్తుపడుతోంది. కళ్లు పోతే పోయాయి గానీ ముక్కు మాత్రం ఇంకా పడుచుదే.

"పాపా, ఈ పొద్దు ఉగాది గదా?" అంది ఏసమ్మ గాలి పీల్చి.

"ఔనత్తా."

"యాలక్కాయల వాసనొస్తాంది. లక్ష్మీనరసమ్మ భక్షాలు కాలుస్తాందేమో."

"వాళ్ల పండగ, వాళ్లు చేసుకుంటాండారు. మనకెందుకు? జావ తాగు."

ఏసమ్మ జావగ్లాసు అందుకుంది. కాసేపటికి తనలో తాను అనుకున్నట్టుగా, "ముందు ఎంత బాగా పంపించేది! ఈ మూడేండ్ల నుంచి మనం గుర్తే లేము ఆమెకు. దుడ్లున్నోళ్లు, వాళ్ల మనసు ఎప్పుడెట్లుంటుందో" అంది.

కృపావతి లోపలికి వెళ్లి వెనక తలుపు గడియ సరిచూసుకుంది.

వెనక గోడకు అవతల ఇల్లు కిరాణా వ్యాపారి రంగయ్య శెట్టిది. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ. వరసగా మూడు కాన్పులు పోయి, నాలుగోసారి ప్రాణం మీదికి వస్తే, ఆసుపత్రిలో రెండు రాత్రులు కన్ను మూయకుండా తల్లినీ బిడ్డనీ దక్కించింది కృపావతే. ఆ పిల్ల జయలక్ష్మికి ఇప్పుడు పన్నెండేళ్లు. ఆ కృతజ్ఞతతోనే, క్రైస్తవులకు అద్దెకిస్తే ఊరేమంటుందోనని జంకకుండా శెట్టి తన వెనకింటిని వీళ్లకిచ్చాడు. లక్ష్మీనరసమ్మ కృపావతిని "నర్సమ్మా" అని పిలిచేది. తన పేరులోనూ నరసమ్మ ఉందాయె! వీధిలో ఎవరైనా "నర్సమ్మా" అని కేకేస్తే రెండిళ్ల నుంచీ "ఆఁ" అని పలికేవారు. ప్రతి ఉగాదికీ గోడకున్న వెనక తలుపు దగ్గరికి మూతగిన్నెలో భక్షాలు, చిన్న గిన్నెలో నెయ్యి వచ్చేవి. వాటిని ఏసమ్మ పళ్లు లేని నోటితో చప్పరిస్తూ పూటంతా తినేది.

మూడేళ్ల కిందట నంద్యాలలో సువార్త కూటాలు జరిగాయి. ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు, అన్యుల పండుగలో పాలు పంచుకోవడం దయ్యాల బల్ల దగ్గర కూర్చోవడమేనని, విగ్రహానికి పెట్టింది ఒక్క మెతుకు తిన్నా దేవునికి దూరమేనని గట్టిగా చెప్పాడు. ఇకమీదట ముట్టబోమనేవాళ్లు చేతులెత్తమన్నాడు. కృపావతి కన్నీళ్లతో చెయ్యెత్తింది. ఆ కన్నీళ్లలో మోసం లేదు. మోసమంతా తర్వాత వచ్చింది.

ఆ ఏడు ఉగాదికి లక్ష్మీనరసమ్మ గిన్నె అందించినప్పుడు "మాకొద్దక్కా" అనడానికి నోరు రాలేదు. నవ్వి అందుకుంది. ఆమె వెళ్లిపోగానే సందు చివర పాలమ్మే బాలమ్మ బర్రె ముందున్న కుడితి తొట్టిలో వంచేసింది. అత్త అడిగితే ఈసారి పంపలేదంది. సాయంత్రం లక్ష్మీనరసమ్మ "అవ్వ తినిందా?" అని అడిగితే, తిన్నదనీ బాగున్నాయన్నదనీ చెప్పింది. ఒక అబద్ధాన్ని సాకాలంటే ఇంకో నాలుగు కావాలి. ఆ ఇద్దరూ ఎదురుపడి మాట్లాడుకుంటే గుట్టు బయటపడుతుంది కనుక, ఉగాది నాడు వెనక తలుపుకు తనే కాపలా ఉండేది. అడిగి తినే అలవాటు లేని ఏసమ్మ, అడగలేక మనసు కష్టపెట్టుకుంది. రోజూ పెరట్లో కూర్చుని లక్ష్మీనరసమ్మతో ముచ్చట్లాడే మనిషి, మంచాన్ని ముందు వరండాకు మార్పించుకుంది.

ఆ పొద్దు తొమ్మిది కాకముందే ఆసుపత్రి ఆయా పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సిస్టరమ్మా, దొర్నిపాడు నుంచి కాన్పు కేసు తెచ్చినారు. బిడ్డ అడ్డం తిరిగిందంట. డాక్టరుగారు నిన్ను బేగి రమ్మన్యారు."

కృపావతి గబగబా తెల్లచీర కట్టుకుంది. గుమ్మం దాటబోతూ ఆగి, పేపరు చదువుతున్న భర్తతో, "వెనక తలుపు గడియ తీయొద్దండీ. కోతులొస్తాండాయి" అంది.

"ఈడ కోతులెప్పుడొచ్చినాయే?" అన్నాడు ప్రకాశం. అతను హైస్కూల్లో లెక్కల మేష్టారు. పేపరు మడిచేసరికి ఆమె వీధి మలుపులో ఉంది.

కాన్పు కష్టమైనా తల్లీ బిడ్డా బతికారు. రెండు గంటలకు కృపావతి ఎండనపడి ఇల్లు చేరింది. మనసు తేలికగా ఉంది. వరండాలో అడుగుపెట్టేసరికి నెయ్యి వాసన ముక్కుకు తగిలింది. నడవ చివర వెనక తలుపు బార్లా తీసి ఉంది. ఏసమ్మ ఒళ్లో పళ్లెం ఉంది. తుంచిన భక్షం చేతిలో ఉంది. గడ్డం మీద నెయ్యి కారుతుంటే, పక్కన కొడుకు తువ్వాలుతో తుడుస్తూ నవ్వుతున్నాడు.

"చూసినావా పాపా, మూడేండ్లకు గుర్తొచ్చినామమ్మా!" అంది ఏసమ్మ చిన్నపిల్లలా.

కృపావతికి ఏమైందో ఏమో. ఒక్క అంగలో వెళ్లి అత్త చేతిలోని ముక్కను లాక్కుంది. పళ్లెం కింద పడి పెద్ద చప్పుడైంది. నోటిదాకా వెళ్లిన చెయ్యి ఖాళీగా అక్కడే ఆగిపోయింది.

"కృపా! ఏందిది?" ప్రకాశం లేచాడు.

"విగ్రహానికి పెట్టింది తినబెడతాండారా? అదీ శ్రమల దినాల్లో! సంఘ పెద్ద మీరు, మీకైనా తెలియొద్దా?"

"ఏటా తినేదే గదా! పోయిన ఉగాదికి శెట్టెమ్మ నీ చేతికియ్యడం నేను చూసినా. అంతకు ముందేడు కూడా."

ఏసమ్మ కోడలి గొంతు ఉన్నవైపు మొహం తిప్పింది.

"పంపలేదన్నావే పాపా?"

"అత్తా... నీ ఆత్మ కోసమే..."

"నా ఆత్మ సంగతి దేవుడు చూసుకుంటాడులే. నాకు అబద్ధం చెప్పినావా, లేదా?"

ఇరవై ఏళ్లుగా ఎంతమంది మీదో అరవగలిగిన నర్సు, ఆ ముసలామె ముందు తల దించుకుంది.

"మా నాయన పెద్దోళ్ల ఇండ్ల ముందర చెప్పులు చేతబట్టుకొని నడిచినోడు" అంది ఏసమ్మ మెల్లగా. "వాళ్లు పైనుంచి నీళ్లు పోస్తే దోసిలి పట్టి తాగినోళ్లం. ఇది ముట్టగూడదు, అది అంటగూడదు, ఈ మాటలు వినే పెరిగినా. ఆ మాట లేని తావు ఉందంటే ఏసు దగ్గరికి వచ్చినా. ఇన్నేండ్లకు నా కోడలే నా చేతిలో కూడు గుంజుకొని, ముట్టగూడదంటాంది."

అప్పుడే లోపలి నుంచి అలికిడైంది. పళ్లెం చప్పుడు విని లక్ష్మీనరసమ్మ వెనక తలుపులోంచి వచ్చి, నడవలో నిలబడి ఉంది. పండుగ పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని ఉంది. ఎంత విన్నదో తెలియదు.

"నర్సమ్మా, దేవునికి పెట్టినవి అంటాండావే. అవి దేవునికి పెట్టలేదు గదా!" అంది అయోమయంగా.

"పెట్టకుండా ఎట్లుంటారక్కా? పండగ గదా..."

"నీకు తెలీదా? అవ్వా, నువ్వు చెప్పలేదా?"

ఏసమ్మ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. "మనం ఈ ఇంటికొచ్చిన కొత్తల్లో, ఆమె మొదటిసారి పంపినప్పుడు నేనే అడిగినా పాపా. మా కోడలికి నియమం ఎక్కువ, దేవునికి పెట్టినవైతే ఆమె మనసు నొచ్చుకుంటాది, పెట్టకముందే తీసిపెట్టు తల్లీ అని. ఆ పొద్దు నుంచీ వెనక పంచలో వేరే పొయ్యి పెట్టి మనకు మొదలు కాలుస్తాది. ఆ తర్వాతనే తలకు పోసుకొని, మడి కట్టుకొని, దేవునికి చేస్తాది."

"మా అత్త భ్రమరాంబమ్మ ఇప్పటికీ తిడతాది" అంది లక్ష్మీనరసమ్మ. "దేవుని కంటే ముందు కిరస్తానోళ్లా అని. ఆ పొద్దంతా నాతో మాట్లాడదు."

"నాకెప్పుడూ చెప్పలేదేందత్తా?" అంది కృపావతి.

"నువ్వెప్పుడడిగినావు?"

నిజమే. అడగలేదు. బోధకుణ్ణి అడిగింది, చర్చి అయ్యగారిని అడిగింది, ప్రార్థనలో దేవుణ్ణి అడిగింది. గోడ అవతల ఉన్న మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

లక్ష్మీనరసమ్మ కిందపడ్డ భక్షాల వైపు, తర్వాత కృపావతి వైపు చూసింది. "మరి ఈ మూడేండ్లూ నేనిచ్చినవి యాడికి పోయినాయి?"

బీదవాళ్లకు పంచానని చెప్పొచ్చు. ఆసుపత్రిలో రోగులకు ఇచ్చానని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఇంకో అబద్ధం అంత సులువుగా రావడం చూసి కృపావతికి తన మీద తనకే భయం వేసింది.

"బాలమ్మ బర్రె తొట్టిలో పోసినానక్కా."

లక్ష్మీనరసమ్మ మొహం తెల్లబోయింది. "మూడేండ్లు నా దేవుని దగ్గర నేను తప్పు చేసింది... బర్రె కోసమా?" అంది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. కృపావతి మోకాళ్ల మీద కూర్చుని నేలమీది ముక్కలు ఏరుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. ప్రకాశం తిట్టి ఉంటే బాగుండేది. అతను తిట్టలేదు.

ఆదివారం చర్చిలో ప్రభు భోజనానికి వరుసలు లేచాయి. కృపావతి లేవలేదు. అయ్యగారు రొట్టె పట్టుకుని ఆమె వైపు ఒకసారి చూశారు. దేవునికి దూరమవుతానని భయపడి భక్షాలు మానేసింది. ఇప్పుడు ఎవరూ వద్దనకుండానే, తన తప్పు తనకు తెలిసి, ప్రభువు బల్లకు దూరంగా కూర్చుంది. సంఘమంతా పాడుతుంటే ఆమె పాట పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. ఇంటికి రాగానే అత్త కాళ్లు పట్టుకుంది.

"నన్ను క్షమించత్తా."

"నాది ముసలి కడుపు, మర్చిపోతాది. పోయి ఆమె దగ్గర నిలబడు పో" అంది ఏసమ్మ, కోడలి తల నిమురుతూ.

ఎండ తగ్గాక కృపావతి వెనక తలుపు తీసి అవతలి పెరట్లోకి వెళ్లింది. లక్ష్మీనరసమ్మ పంచలో కూర్చుని చీరలు మడిచి సంచిలో పెట్టుకుంటోంది. తలెత్తి చూసింది గానీ పలకరించలేదు.

"అక్కా, తిట్టు. కొట్టినా పడతా. మాట్లాడకుండా మాత్రం ఉండొద్దు."

"తిట్టి ఏం జేయాల? నువ్వు లేకుంటే నా బిడ్డ లేదు. అదొకటి అడ్డమొస్తాది" అంది లక్ష్మీనరసమ్మ. తర్వాత ఉండబట్టలేక, "వద్దంటే వద్దని చెప్పింటే ఏమైపోయేది? నీకు మా దేవుడంటే భయం, నాకు మీ దేవుడంటే భయం. ఇద్దరం భయపడి, నడుమ పండ్లు లేని ముసలామె నోరు కట్టేస్తిమి" అంది.

"ఇంక మా కోసం ముందు తీయొద్దక్కా. మీ దేవునికి పెట్టినాకే చేసుకోండి. నా మనసు కోసం నువ్వు తప్పు చేయగూడదు."

"మరి అవ్వకు?"

"అత్త తింటాది, పంపు. నేను తింటానో లేదో ఇప్పుడు చెప్పలేను. అబద్ధం మాత్రం చెప్పను."

లక్ష్మీనరసమ్మ ఆలోచించి, "అంత యాతన ఎందుకులే. బ్యాళ్లు, బెల్లం, పిండి, నెయ్యి పచ్చివే ఇస్తా. నీ పొయ్యి మీద నువ్వే చేసుకో" అంది. అన్నాక ఆమెకే నవ్వు వచ్చింది. "ఇంతవరకు బాపనోళ్లకే ఇచ్చినాం స్వయంపాకం. ఇంక నర్సమ్మ కూడా మడి మనిషే!"

కృపావతి నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. సంచి వైపు చూసి, "ఊరికి పోతాండావా?" అని అడిగింది.

"పొద్దున బస్సుకు మహానందికి. ఏటా ఉగాది అయినాక సోమవారం పోతా గదా."

"ఎందుకక్కా?"

"ఎందుకేంది? స్వామి కంటే ముందు మీ ఇంటికి తీసిపెడతాండా గదా. గుండంలో మునిగి, తప్పయింది స్వామీ అని చెప్పుకోవద్దా?" లక్ష్మీనరసమ్మ చీర మడత సరిచేస్తూ, రోజూ చెప్పే మాటే చెబుతున్నట్టుగా అంది. "వాళ్లు తెలియనోళ్లు, నేను తెలిసి చేసినా. ఏ దోషమున్యా నా తల మీద వేయి, ఆ ఇంటి మీద వేయొద్దని మొక్కుకొని వస్తా."

ఒకరి తప్పును ఇంకొకరు తల మీద వేసుకోవడం గురించి కృపావతి పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది. ఆ పొద్దున చర్చిలో కూడా వింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి.

"ఏడుస్తావేమే పిచ్చిదానా!" లక్ష్మీనరసమ్మ లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది. "మా అత్త పురాణానికి పోయింది. రా, లోపలికి రా."

పన్నెండేళ్లలో కృపావతి ఆ గడప దాటడం అదే మొదలు.